గురువారం నీళ్లు తోడొద్దు

ఉత్తినే మంచి చేసేవాళ్లంటే మా ఇంటిల్లిపాదికీ అనుమానం. ఆ జబ్బు నాకూ ఉంది, ఇప్పటికీ తగ్గలేదు.

ఎనభైల చివర్లో మేము తెలుగు కాని రాష్ట్రంలో, న్యూ సెటిల్‌మెంట్ అనే చోట రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. వేసవిలో కుళాయి మొండికేస్తే మా లైనంతటికీ పెరటి వెనక బావే దిక్కు. ఆ బావి దగ్గరికి ప్రతి గురువారం సాయంత్రం ఒకతను సైకిల్ మీద వచ్చేవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో నీళ్ల మీద పరిశోధన చేస్తున్నాడట. బావిలోకి టేపు దించి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూసుకుని, వెనక లైనువాళ్ల బావి కూడా కొలుచుకుని పోయేవాడు. తెలుగువాడే గానీ మా యాస కాదు, కృష్ణా జిల్లా తెలుగు. అమ్మకి అదొక అనుమానం.

“భూమి వేడెక్కుతోందండీ, వానలు అదను తప్పుతున్నాయి. ఏ బావిలో నీళ్లు తగ్గిపోతున్నాయో తెలిస్తే అక్కడ లోతుగా బోరు వేయించమని రాస్తాం,” అన్నాడు మొదటిరోజే.

నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి నవ్వాడు.

“ఎండలకి నీళ్లు తగ్గుతాయని సెప్పడానికి అంత సదువు కావాలేటి? ఇది ఆఫీసోళ్ల పని. నీళ్లు తగ్గినాయని తేలితే ముందు మన పాదుల మీద పడతారు. బావికి తాళం ఏసేస్తారు, సూడు.”

రైల్వే స్థలంలో ఎవరినీ అడక్కుండా పెంచుకున్న బీరపాదులు, ఆనపపాదులు మరి. లైన్లో అందరి గుండెల్లో రాయి పడింది. అమ్మే ఉపాయం చెప్పింది.

“గురువారం పొద్దున్నించి ఎవులూ సేద ఎయ్యొద్దు. అతనొచ్చి ఎల్నాక తోడుకుందాం.”

గురువారాలు మా ఇంట్లో స్నానాలు సాయంత్రానికి వాయిదా పడేవి. మాసిన బట్టలు బకెట్లో అలాగే ఉండేవి. రోజంతా కదపకపోతే బావి బాగానే ఊరేది. అతను టేపు తడి చూసి, “పర్లేదండీ, మీ బావికి ఢోకా లేదు,” అనేవాడు. అమ్మ అతనికి టీ కూడా ఇచ్చేది, అనుమానం రాకుండా.

మరుసటి వేసవికి బోరు పడింది. మా లైన్లో కాదు, వెనక లైన్లో. ఆ ఎండల్లోనే మా బావి అడుగున బురద తేలింది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మకైతే ఇంకో అనుమానం పుట్టింది. అతను వెనక లైనువాళ్లకి చుట్టమై ఉంటాడనీ, కొలత రోజున నీళ్లు తక్కువ కనిపించేలా చెయ్యమని వాళ్లకి ముందే నేర్పి ఉంటాడనీ. నేనూ నమ్మేశాను.

బిందెలు పట్టుకుని వెళ్లి ఆ బోరు దగ్గరే వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. ఆ లైనావిడ పంపు కొడుతోంది. అమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

“ఏటొదినా, కొలత రోజున ఏటి సెయ్యాలో మీకు ముందే ఎవులు సెప్పినారు?”

ఆవిడ పంపు ఆపి చూసింది.

“సెప్పడానికేటుంది వదినా? ఏ రోజైనా నీళ్లు కావాల గదా. తోడుకున్నాం,” అని మా బిందెని పంపు కిందికి జరిపింది.