మంచం హాల్లోకి మార్చిన రోజు

2022 ఫిబ్రవరి. దుబాయ్‌లో ఒక హోమ్ కేర్ సంస్థలో నర్సుగా నాకది ఏడో సంవత్సరం. ఆసుపత్రి ఇక చేయగలిగిందేమీ లేదని ఇంటికి పంపిన రోగుల దగ్గర పగలంతా ఉండటం నా డ్యూటీ. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. జబ్బు నయం కాదు. ఉన్నన్నాళ్ళూ నొప్పి, ఆయాసం తెలియకుండా చూడాలి. ఆ నెల నన్ను బర్ దుబాయ్‌లో, క్రీకు అనే సముద్రపు పాయ ఒడ్డున ఒక ఫ్లాట్‌కి పంపారు. నేనుండే ఇంటర్నేషనల్ సిటీలో ఆరింటికి బస్సెక్కితే ఏడున్నరకి అక్కడ ఉండేదాన్ని.

రోగి పేరు సిమోన్. మేం మదామ్ అనేవాళ్ళం. ఎనభై ఒక్క ఏళ్ళు. ఫ్రాన్సులో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకి పాకింది. కూతురు క్లేర్ ఇక్కడ ఒక షిప్పింగ్ కంపెనీలో ఉద్యోగి. పెళ్ళి చేసుకోలేదు. తల్లికి జబ్బని తెలియగానే తన దగ్గరికి తెచ్చేసుకున్నారు. ఇంట్లో వంటా పనీ చూసుకునే సత్యవేణిది రాజోలు దగ్గర. మాది అమలాపురం. మొదటి రోజే మాకు మాట కలిసింది.

కొత్త ఇంటికి వెళ్ళగానే నర్సు ముందు గది చూస్తుంది. కారిడార్ చివరి బెడ్‌రూమ్ నాకు బాగా నచ్చింది. బాత్రూమ్ ఆనుకునే ఉంది, ప్లగ్ పాయింట్లు మంచం పక్కనే ఉన్నాయి, తలుపు వేస్తే చప్పుడు రాదు. గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే కాన్సెంట్రేటర్ని గోడవారగా పెట్టాను. కిటికీలోంచి క్రీకు, అటూ ఇటూ జనాన్ని దాటించే అబ్రా పడవలు కనిపిస్తున్నాయి. చివరి రోజులకి ఇంతకంటే మంచి గది దొరకదనుకున్నాను.

మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. ఒళ్ళు తుడిచేటప్పుడు మదామ్ నాతో ఇంగ్లీషులో కబుర్లు చెప్పేవారు. ఆవిడ జీవితమంతా చదివింది ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఫ్రెంచి కథాకావ్యాలట. వీరులు, రాణులు, అడవులు, కోటలు. ఆ కథల్లో మనుషులు ఏ చోట చనిపోతారన్నది ఆవిడ పరిశోధన. అడవిలో దిక్కులేకుండా పోవడం ఒకటి, నది దాటి అవతలి ఒడ్డున పోవడం ఒకటి, కోట హాల్లో అందరి మధ్యా పోవడం ఒకటి. మనిషి ఎక్కడ పోయాడో చెప్పడంతోనే కవి తన తీర్పు చెప్పేస్తాడని అనేవారు. చావు గురించి ఇంత మామూలుగా మాట్లాడే రోగిని నేను అంతకుముందు చూడలేదు.

ఐదో రోజు నుంచి వరస మారింది. మధ్యాహ్నం విశ్రాంతికని నేను తలుపు వేయగానే ఆవిడ అస్థిమితంగా అయిపోయేవారు. ముక్కు దగ్గరి ఆక్సిజన్ గొట్టం పీకేసేవారు. మంచం పక్క కమ్మీ మీదుగా కాళ్ళు కిందికి దించబోయేవారు. చివరి దశలో మెదడు అలా గందరగోళపడటాన్ని డెలీరియం అంటాం. చార్టులో అదే రాశాను, డాక్టరుకి ఫోన్‌లో అదే చెప్పాను. ఆయన నా మాట మీద నమ్మకంతో మత్తు మందు మొదలుపెట్టారు. రెండు రోజుల్లో మదామ్ మాటలు ఆగిపోయాయి. పడుకునే ఉంటున్నారు. కేసు అదుపులోకి వచ్చిందనే అనుకున్నాను.

ఆ మర్నాడు వంటింట్లో అన్నం తింటుండగా సత్యవేణి కూర గిన్నె నా వైపు జరిపి, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది.

"మా అమ్మమ్మకి అలాగేనండి సిస్టరు గారూ. నక్షత్రం బాగోలేదు, ఇంట్లో పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలన్నారని పెరట్లో పాకలోకి మార్చేశారు. ఆవిడ కాళ్ళు దించుకుంటానే ఉండేది. అందరూ సంధి అనుకున్నారు. పోయే ముందు నాతో అంది, 'లోపలికి తీసుకెళ్ళవే' అని. అప్పటికి నాకు పదేళ్ళండి. ఎవరికి చెప్పను?"

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. మదామ్ కాళ్ళు ఎటు దించబోతున్నారో నేను ఒక్కసారి కూడా గమనించలేదు. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి, ఆ రోజు మత్తు మందు ఆపి చూడొచ్చా అని అడిగాను. ఒక్క రోజుకి సరేనన్నారు.

మర్నాడు పొద్దున ఆవిడ కళ్ళు తేటగా ఉన్నాయి. మంచం పక్కన కూర్చుని, ఈ గది మీకు నచ్చలేదా అని అడిగాను. అడగడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది.

"గది అందమైనదే," అన్నారు. "కానీ నేను చదివిన కథల్లో ఇలా చివరి గదిలో పెట్టి తలుపు వేసేది ఖైదీలని. నాకు నీళ్ళు చూడాలని లేదు సునీతా. మనుషుల్ని చూడాలని ఉంది."

ఎక్కడ పడుకుంటారని అడిగాను. హాల్లో, వంటింటికీ వీధి తలుపుకీ మధ్య అన్నారు. సత్యవేణి ఉల్లిపాయలు తరిగే చోటు కనిపించాలట.

ఆ సాయంత్రం క్లేర్ ఆఫీసు నుంచి రాగానే విషయం చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. వచ్చేపోయే వాళ్ళందరి ముందూ అమ్మని అలా పడుకోబెట్టడం మర్యాదా అన్నారు. గొట్టాలు తగులుతాయన్నారు. ప్రతిదానికీ నా దగ్గర సమాధానం ఉంది, కానీ అసలు అభ్యంతరం అది కాదని ఇద్దరికీ తెలుసు. చివరికి ఆవిడే గొంతు తగ్గించి చెప్పారు: "ఆ తలుపు తీసే ముందు నాకు కొంచెం సమయం కావాలి. అమ్మ హాల్లోనే ఉంటే, ఇంట్లో అడుగు పెట్టగానే చూడాలి."

ఇద్దరం మదామ్ గదికి వెళ్ళాం. క్లేర్ ఫ్రెంచిలో ఏదో అడగబోతే, నాకూ అర్థం కావాలనేమో, మదామ్ ఇంగ్లీషులోనే మాట్లాడారు.

"నువ్వు రోజూ తలుపు బయట నిలబడతావు. నీ చెప్పుల చప్పుడు ఆగిపోవడం నాకు వినిపిస్తుంది. నువ్వు లోపలికి వచ్చేదాకా లెక్కపెడుతూ ఉంటాను."

క్లేర్ తల్లి పాదాల దగ్గర కూర్చుండిపోయారు. నేను బయటికి వచ్చేశాను.

మరుసటి రోజు పొద్దున మంచం కదిపాం. ఆసుపత్రి మంచానికి చక్రాలున్నా కారిడార్ మలుపులో పట్టలేదు. బిల్డింగ్ నాతూర్‌ని పిలిచాం. వాచ్‌మన్‌ని ఇక్కడ అలాగే అంటారు. జగిత్యాల వైపు మనిషి. మదామ్‌ని కుర్చీలోకి మార్చాక, అతను మంచం కాళ్ళవైపు చెక్క ఊడదీశాడు. "మీరు అటు పట్టుండ్రి అక్కా, నేను తిప్పుత. యల్లా, జరుపుండ్రి," అని మంచాన్ని వాలుగా తిప్పి హాల్లోకి చేర్చాడు. ఆక్సిజన్ గొట్టానికి అదనపు ముక్క జోడించి గోడ వెంట టేపు అంటించాను. బట్టలు మార్చేటప్పుడు మరుగుకి ఒక మడత తెర తెప్పించుకున్నాం.

మత్తు మందు మళ్ళీ అవసరం పడలేదు. మదామ్ ఆ హాల్లో పదకొండు రోజులు బతికారు. సత్యవేణి కూరలు తరుగుతూ తెలుగులో ఏదేదో చెప్పేది, ఆవిడ ఫ్రెంచిలో జవాబిచ్చేవారు. భాష రాకపోయినా ఇద్దరూ నవ్వుకునేవారు. క్లేర్ సెలవు పెట్టి, భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని తల్లి రాసిన పుస్తకం మొదటిసారి చదివారు. మధ్యలో ఆపి ప్రశ్నలడిగేవారు. ఒకరోజు ఇద్దరూ ఒక పేజీ గురించి గట్టిగానే వాదించుకున్నారు. ఆ పూట మదామ్ సూపు రెండు గరిటెలు ఎక్కువ తాగారు.

పన్నెండో రోజు పొద్దున పది గంటలకి శ్వాస మారింది. ఆగి ఆగి వస్తోంది. అది చూడగానే మా నర్సులకి తెలిసిపోతుంది. క్లేర్‌తో లాప్‌టాప్ మూసేసి ఇటు రండి అన్నాను. ఏం చెయ్యాలని అడిగారు. చెయ్యి పట్టుకుని కూర్చోండి, అంతే అన్నాను. సత్యవేణి స్టవ్ ఆపి వచ్చి నిలబడింది. ఇరవై నిమిషాలు పట్టింది. చివర్లో మదామ్ కళ్ళు తెరిచి, మా ముగ్గురినీ వరసగా చూసి, కూతురి దగ్గర ఆగారు.

ఇంట్లో మరణం కాబట్టి పోలీసులకి కబురు చేశాం. వాళ్ళు మర్యాదగా, నెమ్మదిగా తమ కాగితాల పని చేసుకున్నారు. ఆ తర్వాత నేను చార్టు తెరిచి, డెలీరియం అని రాసిన పేజీ కింద, కారణం సరిగా గుర్తించలేదని, గది మార్చాక తగ్గిందని రాసి సంతకం పెట్టాను. మా సూపర్‌వైజర్ అది ఎందుకు రాశావని అడిగింది. జరిగింది అదేనని చెప్పాను.

ఇప్పుడు కొత్త ఇంటికి వెళితే ప్లగ్ పాయింట్లు తర్వాత చూస్తాను. మంచం ఎక్కడ వెయ్యమంటారని ముందు రోగినే అడుగుతాను. మొన్నామధ్య క్రీకు అవతల డేరా ప్రాంతంలో ఒక పెద్దాయనని అడిగితే, జీవితమంతా దుకాణంలో జనం మధ్య గడిపానమ్మా, ఇప్పుడిక లోపలి గదిలో వేసి తలుపు దగ్గరగా వెయ్యి అన్నారు. అలాగే వేశాను.