దుర్భిణికి కాళ్లు కొనితెచ్చిన ప్రయాణం

జహీరాబాదులో దుర్భిణి ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం లేదు. ఇంకొకరి దగ్గర కూడా ఉండి ఉంటే వాళ్ల స్టాండు అరువు తెచ్చుకునేవాణ్ణి, ఈ ప్రయాణమే తప్పేది.

గొట్టం చిన్నదే. మూరన్నర పొడవు, ఇత్తడిది. రైలు పనుల మీద ఇక్కడ కొన్నాళ్లున్న ఒక ఇంజనీరు వెళ్లిపోతూ సామాను అమ్ముకుంటుంటే కొన్నాను. గొట్టంతో పాటు అంటగట్టిన టేకు ముక్కాలి మాత్రం పెళ్లిపందిరి గుంజల్లా ఉంటుంది. దాన్ని మా ఇంటి వాకిట్లోకి తేవడానికే నాకు ఆయాసం వస్తుంది. నేను బళ్లో లెక్కలు చెప్పే పంతుల్ని. బరువులెత్తడం నా సబ్జెక్టు కాదు.

రాయికోడ్‌లో మా అక్క సత్తెమ్మ ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మొన్న వానాకాలంలో వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి నడిమింట్లో మంచం మీదే ఉంటోంది. గాలి తగిలేలా మంచాన్ని వాకిట్లో వేస్తామని కొడుకు నర్సింహులు ఎంత బతిమాలినా వినలేదు. "నలుగురు నన్ను మోసేది ఒక్కసారే. ఆ రోజొస్తె మొయ్యున్రి" అని తేల్చి చెప్పింది. తిండి కూడా తగ్గించేసింది.

దసరాకు వెళ్లినప్పుడు ఏదో ఒకటి మాట్లాడాలని నా దుర్భిణి గురించి చెప్పాను. చంద్రుడి మీద కొండలు కనిపిస్తాయన్నాను.

"అబద్ధాలాడకు" అంది అక్క.

"ఒట్టు అక్కా, నా కళ్లతో చూసిన."

కొంచెంసేపు పైకప్పు దూలాల వంక చూసి, "అయితె తెచ్చి చూపెట్టు. గదాన్ని చూస్తానికైతె బయటికొస్త" అంది.

నన్ను సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చిన నర్సింహులు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా దుర్భిణిని, టేకు ముక్కాలిని మోయించుకొని బస్సు దగ్గరికి వెళ్లాను. యుద్ధం మూలంగా పెట్రోలు కరువై బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్న రోజులవి. వెనకాల పొయ్యి, లోపల మనుషులు, పైన మూటలు. కండక్టరు నా ముక్కాలిని అటూ ఇటూ చూసి, "మనిషికైతె టికెటిస్త. మంచానికియ్య" అన్నాడు. అది మంచం కాదని నేను వివరిస్తుండగానే బస్సు కదిలింది.

అప్పుడే తేలికపాటి ముక్కాలి కోసం పట్నం వెళ్లాలని నిశ్చయించుకున్నాను. మా బళ్లో ఉర్దూ చెప్పే గఫార్ సాబ్ తోడు వస్తానన్నాడు. ఆయనకు దుర్భిణుల గురించి ఏమీ తెలియదు, అయినా వాటి మీద గట్టి అభిప్రాయాలున్నాయి. నా సంగతీ అంతే కనుక మాకు బాగా కుదిరింది.

బడికి సెలవు పెట్టి, దుర్భిణి గొట్టాన్ని సంచిలో వేసుకొని, అమావాస్య వెళ్లిన రెండో రోజు పొద్దున రైలెక్కాం. వెళ్లదలచిన వారు ఎనిమిదింటి బండి అంటే తొమ్మిదిన్నర అనుకొని ఇంట్లో నింపాదిగా చాయ్ తాగి రావచ్చు. కోహీరులో జామకాయలు కొనుక్కొని మర్పల్లి దాకా తిన్నాం. వికారాబాదులో బండి మారాలి. పట్నం వెళ్లే బండి నిండా సిపాయిలు, వాళ్ల ఇనప పెట్టెలు. తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి నాంపల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. స్టేషను ఎదుట సరాయిలో ఒక గది తీసుకొని, ఇరానీ హోటల్లో తలా ఒక బన్ను తిని, ఆబిడ్స్ దారి పట్టాం.

కెమెరాలు, కళ్లద్దాలు అమ్మే దుకాణం అది. లోపలున్న ముసలాయన మా మాటంతా విని మూడు ముక్కాళ్లు తెచ్చి పెట్టాడు. మొదటిది మా ఇంట్లో ఉన్నదానికి తోబుట్టువు. దాని వంక నేను చూడనైనా లేదు. రెండోది పలచని చెక్కది, భుజాన తగిలించుకోవడానికి తోలు పట్టీ ఉంది. మూడోదాన్ని చూడగానే నా మనసు దాని మీదికి పోయింది. గొట్టంలో గొట్టం దూరే ఇత్తడి కాళ్లు. ముడిస్తే మోకాలెత్తు, చంకలో ఇమిడిపోతుంది. లాగితే నా గడ్డం దాకా వస్తుంది.

"ఇది చిన్న కెమెరాలకు చేసింది సాబ్. మీ దుర్బిన్‌కు నడిమిది తీసుకోండి" అని ముసలాయన నా గొట్టాన్ని ఇత్తడి ముక్కాలి మీద బిగించి, చివర వేలితో ఒక్కటి కొట్టి చూపించాడు. గొట్టం పట్టు తప్పిన తంబూరా తీగలా వణికింది. ఆ వణుకు ఆగేలోగా గఫార్ సాబ్ జేబులోంచి పాన్ తీసి నోట్లో వేసుకున్నాడు.

"చంద్రుణ్ణి చూసేటప్పుడు దాన్ని ఎవరు కొడతారండీ?" అని అడిగాను, గడుసుగా.

ముసలాయన నా వంక జాలిగా చూశాడు. ఆ జాలి నాకు తర్వాత అర్థమైంది. నిజం చెప్పాలంటే అప్పటికే దుకాణంలోని నిలువుటద్దంలో చంకన ఇత్తడి ముక్కాలి పెట్టుకున్న నన్ను నేను చూసుకున్నాను. దూరదేశాలు తిరిగివచ్చిన పండితుడిలా ఉన్నాను. చెక్కదాన్ని భుజాన వేసుకుంటే నిచ్చెన మోసేవాడిలా కనిపించాను. బేరం అక్కడే ముగిసింది.

"తిపాయి అంటె గిట్లుండాలె" అని గఫార్ సాబ్ కూడా ఒప్పుకున్నాడు. బలం పరీక్షిద్దామని తన షేర్వాణీ విప్పి దానికి తగిలించాడు. అది షేర్వాణీతో సహా నమాజుకు వంగినట్టు మెల్లగా ముందుకు వంగింది. "జర కొత్తది గద, సర్దుకుంటది" అన్నాడు.

మర్నాడు తిరుగు బండిలో అది తన గుణం చూపించింది. వికారాబాదు దాటాక ఒక కుదుపుకు, చంకలో ఉన్న ముక్కాలికి ఒక కాలు జర్రున సాగి ఎదుటి ఆయన గడ్డం కింద ఆగింది. ఆయన బీదరు వెళ్లే వ్యాపారి. కోపం తెచ్చుకోలేదు. వేలితో ఆ కాలిని పక్కకు నెట్టి, "గాలాలు అమ్ముతరా సారూ?" అని అడిగాడు.

"కాదండీ, దుర్భిణి పెట్టుకునేది."

"దుర్బిన్‌తోని చేపలు పడ్తరా?"

పెట్టె అంతా నవ్వింది. గఫార్ సాబ్ అందరికంటే ముందు నవ్వాడు. జహీరాబాదు దాకా ఆ కాలిని చేత్తో నొక్కిపట్టి కూర్చున్నాను.

ఆ రోజుల్లో మా బళ్లకు వారం సెలవు శుక్రవారమే. ఆ మధ్యాహ్నం ఇద్దరం రాయికోడ్ బస్సెక్కాం. కండక్టరు నా సామాను వంక చూడనైనా లేదు. అంత కష్టపడి తెచ్చినదాన్ని ఎవరూ ఆపకపోవడం కొంచెం వెలితిగా కూడా అనిపించింది.

సగం దారిలో పొయ్యి చల్లారి బస్సు ఆగింది. డ్రైవరు బొగ్గు కెలికి రాజేసేలోగా ఒక రిహార్సల్ వేసుకుందామని జొన్నచేల పక్కన ముక్కాలి నిలబెట్టి, గొట్టం బిగించాను. కన్ను ఆనించి ఎంతసేపయిందో తెలియదు. తల ఎత్తితే చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. ముందు నిలబడ్డ ఒక ఆడమనిషి చేతిలో కొడవలి ఉంది.

"పైమాయిష్ చేస్తున్నరా సారూ?" అని అడిగింది. పైమాయిష్ అంటే భూమి కొలవడం. మూడు కాళ్లదాన్ని పట్టుకొని పొలాల్లో నిలబడేవాళ్లు ఆమెకు తెలిసి ఇంకెవరూ లేరు.

"కాదమ్మా, నేను బడిపంతుల్ని" అన్నాను.

"అందరు అట్లనే అంటరు. కొలిచి పోయినంక కాయితం వస్తది. మా చెల్క ఏ పక్కకు పోతది? గది చెప్పున్రి."

చెల్క అంటే మెట్టచేను. ఆమె గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. మాటలతో నమ్మదని, "నువ్వే చూడు, ఇది చూసేదే గాని కొలిచేది కాదు" అని పక్కకు జరిగాను.

ఆమె వంగి చూసింది. చంద్రుడి కోసం చేసిన దుర్భిణిలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. తలకిందులైనా చంద్రుడికి ఇబ్బంది లేదు కానీ, జొన్నచేనుకు ఉంటుందని నాకు తట్టలేదు. ఆమె చప్పున తల వెనక్కి తీసుకుంది.

"నా చెల్క ఉల్టా వేలాడుతుంది! ఇగో చూడున్రి, గిట్ల తలకిందుల చూసి కొలుస్తున్నరు గనకనే మన భూములు పోతున్నయ్!"

వెనకున్న వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వంగి చూసి ఆ మాట నిజమేనన్నారు. గఫార్ సాబ్ తన సహజమైన గంభీరతతో ముందుకు వచ్చి, మా అక్క పేరు, ఇల్లు, ఆమె పడ్డ సంగతి, మేం దుర్భిణి తెచ్చిన కారణం, అన్నీ చెప్పాడు. ఆడమనిషి కొంచెంసేపు మా ఇద్దరి మొహాలు చూసింది.

"మంచంల ఉన్న అక్క కోసమా?" అంది. కొడవలి నడుముకు దోపుకుంది. "గా మాట ముందుగాల చెప్పొద్దా?" అని చేలోకి వెళ్లి రెండు జొన్నకంకులు తెచ్చి గఫార్ సాబ్ చేతిలో పెట్టింది. నాకు ఇవ్వలేదు.

రాయికోడ్ చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్క ఇంట్లో అందరూ నా కోసం కంటే దుర్భిణి కోసం ఎదురుచూస్తున్నారు. "వచ్చినవా? చంద్రుడు ముసలోడైతడేమో అనుకున్న" అంది అక్క. గొంతు సన్నగా ఉంది. మొహం దసరా నాటికంటే పీల్చుకుపోయింది. నర్సింహులు, నేను, గఫార్ సాబ్, ఒక పొరుగాయన నాలుగు కోళ్లూ పట్టుకొని మంచాన్ని మోశాం. గడప దాటుతుంటే అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. వాకిట్లో దించాక తెరిచింది. తెల్లటి నెలవంక అప్పటికే పడమటి ఆకాశంలో ఉంది.

ముక్కాలి కాళ్లన్నీ సాగదీసి, దుకాణంలో చూపించినట్టే నా గడ్డం దాకా నిలబెట్టాను. చంద్రుడు గొట్టంలోకి వచ్చాడు గానీ ఆగడం లేదు. చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతున్నాడు. గాలి వీచినా వణుకే, నేను ఊపిరి వదిలినా వణుకే. పైగా ఒక కాలు తనంతట తాను దిగజారుతోంది. గఫార్ సాబ్ వంగి ఆ కాలిని పట్టుకుంటే వణుకు రెట్టింపయింది. చుట్టూ చేరినవాళ్లు మెల్లగా గుసగుసలాడుతున్నారు. మూడు రోజుల ప్రయాణం, ఆబిడ్స్ ముసలాయన జాలి చూపు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నా చొక్కా చెమటతో తడిసిపోయింది.

"తమ్మీ" అంది అక్క.

"ఒక్క నిమిషం అక్కా."

"ఎన్ని నిమిషాలైనా అంతే. నేను పండుకున్నదాన్ని. నీ దుర్బిన్ గంత పైన కూసుంటె నేనెట్ల చూస్త?"

నేను ముక్కాలి వంక చూశాను. అక్క వంక చూశాను. ఆమె నిలబడదన్న సంగతి ఈ భూమ్మీద అందరికంటే నాకే బాగా తెలియాలి. అయినా పట్నంలో గాని, రైల్లో గాని, బస్సులో గాని ఒక్కసారీ తట్టలేదు. ఆ కాళ్లన్నీ నా ఎత్తుకు కొన్నాను.

కాళ్లన్నీ లోపలికి నెట్టేశాను. మోకాలెత్తు ముక్కాలి మంచం పక్కన నేలకు అతుక్కొని కూర్చుంది. సాగినప్పుడు అంతగా వణికినది, ముడుచుకున్నాక కదలలేదు. చంద్రుడు గొట్టంలో నిలబడ్డాడు. నర్సింహులు తల్లి తలకింద ఇంకో దిండు పెట్టి, ఆమె తలను మెల్లగా పక్కకు తిప్పాడు. అక్క ఒక కన్ను మూసుకొని రెండో కన్ను ఆనించింది.

చాలాసేపు అలాగే చూసింది. ఎవరూ కాలు కదపలేదు.

"దీన్ని ఎవరు కొట్టిన్రురా గిట్ల?" అంది చివరికి.

"కొట్టలేదు అక్కా, అవి గుంతలు. ఆకాశంలో రాళ్లు వచ్చి..."

"సప్పుడు చెయ్యకు."

నేను నోరు మూసుకున్నాను. గొట్టంలోంచి చంద్రుడు మెల్లగా జారిపోతుంటే మళ్లీ తిప్పి పెట్టడం ఒక్కటే నా పని. కోడల్ని పిలిచి చూడమంది, పొరుగువాళ్లకు చూపించమంది, మళ్లీ తాను చూసింది. వాకిట్లోనే జొన్నరొట్టె తెప్పించుకొని తింది. కోడలు ఇంకో రొట్టె వేస్తే వద్దనలేదు.

"రేపు గూడ కనబడ్తదా?" అని నర్సింహుల్ని అడిగింది.

"రేపు ఇంకింత పెద్దగ కనబడ్తదమ్మా."

"అయితె రేపు గూడ మంచం బయటెయ్యున్రి."

ఇక దుర్భిణిని వెనక్కి తీసుకెళ్లే ప్రశ్న లేదు. ఎట్లా తిప్పాలో, చంద్రుడు జారిపోతే ఎట్లా పట్టుకోవాలో నర్సింహులుకు నేర్పించాను. వాడు నాకంటే త్వరగా నేర్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కాం. నా చంకలో ఏమీ లేదు. మూడు రోజులుగా దాన్ని నొక్కిపట్టిన అలవాటుకు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ కమ్మీ పట్టుకున్నాను. దారిలో ప్రయాణం రాసుకుందామనుకున్నాను, చదివేవారికి పనికివచ్చేలా. ముక్కాలి కొనబోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: చూసే మనిషి నిలబడతారా, కూర్చుంటారా, పడుకుంటారా అన్నది ఇంటి దగ్గరే ఆలోచించుకొని బయలుదేరండి. దుకాణంలో నిలువుటద్దం ఉంటే దానికి వీపు తిప్పి నిలబడండి.

చీకటి పడబోతుండగా పొయ్యి మళ్లీ చల్లారి బస్సు ఆగింది. డ్రైవరు దిగి బొగ్గు కెలుకుతున్నాడు. మేమూ దిగాం. నిన్నటికంటే కొంచెం లావెక్కిన చంద్రుడు చేల మీద ఉన్నాడు. వట్టి కళ్లకు గుంతలేవీ కనిపించలేదు, నున్నగా ఉన్నాడు.

"ఈ టైంకు మంచం బయటేసుంటరు" అన్నాడు గఫార్ సాబ్.

"వేసే ఉంటారు" అన్నాను.

డ్రైవరు హారను కొట్టేదాకా ఇద్దరం పైకి చూస్తూ అక్కడే నిలబడ్డాం.