తడి గోడకు పండగ సున్నం

వాకాడు దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉండేది మా ఊరు. ఊరంతా తాటాకు ఇళ్ళే. బడిపంతులైన మా నాయన ఒక్కడే మిద్దె కట్టించాడు, అదీ ఒకే ఒక్క గదితో. చేతికందుబాటులో ఉంది కదా అని గోడలకు తీరం ఇసుకే వాడించాడు. అక్టోబరులో వానలు పట్టుకుంటే చాలు, ఆ ఉప్పు గోడలు చెమర్చేవి. నల్లటి బూజు నడుమెత్తు దాకా పాకేది. తాటాకు ఇళ్ళలోని ఆడవాళ్ళు హాయిగా ఊపిరి తీసుకుంటుంటే, మిద్దెలో మా అమ్మ ఉబ్బసంతో ఎగరొప్పేది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అరవైల మొదట్లో, నాకు పదమూడేళ్ళప్పుడు, ఆ యేడూ క్రిస్మసుకు వారం ముందు సున్నం కలిపారు. గోడలింకా ఆరలేదు. సున్నం కొట్టే ముసలాయన ఉన్నమాటే చెప్పాడు.

"తడి గోడ మింద కొడితే చెమ్మ లోపల్నే ఉండిపోద్దయ్యా. ఎండలు రానీండి."

"ఎండలొచ్చేదాకా పండగ ఆగుద్దా? పాస్టరుగారు వస్తారు, సంఘం వస్తుంది. నల్ల గోడలు చూపించమంటావా?" అని నాయన కసురుకున్నాడు.

గోడ రెండు రోజులు మెరిసింది. మూడో రోజు పెచ్చులు లేచాయి. పండగనాటికి అదే మచ్చ, అదే ముక్కిన వాసన. అమ్మ మంచం సరిగ్గా ఆ మచ్చను ఆనుకునే ఉంది. పిల్లలకు అక్షరాలు దిద్దించే మనిషికి పక్కనున్న భార్య రొప్పు వినపడదా అని నాకు నాయన మీద పీకల దాకా కోపం. పండగ పొద్దున ఆయన గుడికి వెళ్ళగానే మంచాన్ని కిటికీ దగ్గరికి ఈడ్చాను.

అమ్మ పెరట్లోని తాటాకు వంటింటి చూరు కిందనుంచి పరుగున వచ్చింది.

"ఉన్నచోటనే పెట్టు పాపా. మంచం తీస్తే మచ్చ కనపడదా? మీ నాయన నలుగుర్లో తలొంచుకోవాల. అక్కడ ఏసుకుంది నేనే."

"నీ ఊపిరో?" అని అరిచాను.

అమ్మ మంచాన్ని తనే మళ్ళీ గోడకు నెట్టి, ఆయాసంతో దాని మీదే కూలబడింది.

ఆరాధన అయ్యాక అందరూ వచ్చారు. పాట అయ్యేదాకా అమ్మ దగ్గు ఆపుకుంది. ఇల్లు ముచ్చటగా ఉందని పాస్టరమ్మగారు మెచ్చుకుంటే నవ్వింది కూడా. నాయనను ఎప్పుడో క్షమించాను. ఆ నవ్వును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.