లంగరు, ఎత్తు

మంగళవారం ఉదయం పలాసలో మా డయాలసిస్ గది ఇంకా తెరవకముందే నా ఫోను మోగింది. అక్కుపల్లి నుంచి సరంగు గారి భార్య.

"డాక్టరమ్మా, ఈయాల మా ముసిలోడి మంచం ఇంకెవులికైనా ఇచ్చీయమ్మా. ఆ మనిషి ఎలిపోనాడు. నిద్దట్లోనే." నేను అడగకుండానే ఇంకో మాట చెప్పింది: "సెయ్యి మాత్రం బాగానే ఉంది."

ఆ చివరి మాట మీకు వింతగా తోచవచ్చు. అది ఎంత పెద్ద మాటో, దాని వెనుక ఎంత లాగుడు, ఎంత ఆగుడు ఉన్నాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను మూత్రపిండాల వైద్యురాలిని. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానంలో ఆ పని చేసేవారికి తీరిక ఉండదని వేరే చెప్పనక్కరలేదు. డయాలసిస్ మొదలుపెట్టే ముందు మేము రోగి చేతిలో ఒక ధమనినీ ఒక సిరనూ కలిపి కుట్టిస్తాం. దాన్ని ఫిస్టులా అంటాం. రక్తం మిషనులోకి వెళ్లేదీ తిరిగి వచ్చేదీ ఆ దారినే. దాని మీద వేలు ఆనిస్తే లోపల జుమ్మని అదురుతుంది. ఆ అదురు ఉన్నంతకాలం చెయ్యి పనిచేస్తున్నట్టు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దాని మీద పడుకోకూడదు, వాచీ పెట్టకూడదు, దేన్నీ గట్టిగా లాగకూడదు.

సరంగు గారు విశాఖ రేవులో మరబోట్లు నడిపిన మనిషి. పేరు ఏదైనా, ఊరంతా ఆయన్ని సరంగు అనే పిలిచేది. నాకూ అదే అలవాటైంది. మామూలుగా మేము వాటం లేని చేతినే ఎంచుకుంటాం. ఆయనది ఎడమచేతి వాటం. కానీ కుడిచేతి సిరలు అంతకుముందు ఎక్కించిన సెలైన్లతో పాడైపోయాయి. ఎడమ చెయ్యే తీసుకోవలసి వచ్చిందని ఆయనకు చెప్పాను.

"నా సుక్కాని సెయ్యే పట్టీసినావేటి, డాక్టరమ్మా!"

కుట్టు ఆరాక అదురు తగలగానే ఆ ముఖం మారిపోయింది. "ఇంజినాడతంది!" అని గదిలో పక్క మంచాలవాళ్లందరికీ చెప్పారు. అప్పటినుంచి అది ఇంజిను చెయ్యి. రోజూ లేస్తూనే దాన్ని చెవికి ఆనించుకుని వినేవారట. బోటు తీసే ముందు ఇంజిను శబ్దం వినడం పాత అలవాటు.

ఇంతలో కుక్క వచ్చింది. విశాఖలో అల్లుడు ముచ్చటపడి ఒక జాతికుక్క పిల్లను కొన్నాడు. అది గేదెదూడంత అయింది. అపార్టుమెంటువాళ్లు గోలపెడితే తెచ్చి మామగారి వాకిట్లో కట్టేశాడు. దాని పేరు బ్రూనో. ఎండుచేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ల నోట అది రెండు రోజుల్లో బూరె అయింది. ఆ తరువాత బ్రూనో అని పిలిస్తే అది వెనక్కి తిరిగి చూడటం కూడా మానేసింది.

బూరె ఎవరినీ కరవలేదు. లాగేది. కాకి కనిపిస్తే లాగేది, పీత కనిపిస్తే లాగేది, ఏమీ కనిపించకపోతే ఏదైనా కనిపిస్తుందేమోనని లాగేది. సరంగు గారు దాన్ని పొద్దున్నే సముద్రం ఒడ్డుకు తిప్పేవారు. కుడిచేత్తోనే పట్టుకోమని భార్య పోరేది. కానీ తాడు బిగుసుకున్న క్షణంలో ఎడమచెయ్యి ఆయన్ని అడక్కుండానే ముందుకు వచ్చేసేది.

ఒక గురువారం ఆ చేతి మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి చార చూశాను.

"ఏమిటిది?"

"దోమ కుట్టింది."

"ఇంత పొడుగు దోమా?"

"మావూరు దోమలు అలగే ఉంటాయమ్మా."

పక్కనున్న భార్య ఊరుకోలేదు. "దోమేటి, బూరె! నిన్న సేతికి తాడు సుట్టీసి ఈ మనిషిని తీసుకెళ్లి మొగలి డొంకలో పడీసింది. మనిషీ కుక్కా ఒకేలగ అరిసినారు. ఎవులిని ముందు తియ్యాలో మాకు తెల్లేదు."

విచారిస్తే అసలు సంగతి బయటపడింది. చేతులతో పని లేకుండా చేద్దామని, ఒడ్డున వల లాగేవాళ్లు వేసుకున్నట్టు ఆయన తాడును నడుముకు కట్టుకున్నారు. వలకైతే అది సరైన పద్ధతే. "తేడా ఎక్కడొచ్చిందంటే డాక్టరమ్మా, సముద్రం పిల్లిని సూసి పరిగెట్టదు," అని ఆయనే వివరించారు.

నాకు నవ్వు రాలేదు. ఆ ఫిస్టులా చెడితే ఆయనకు మరో చెయ్యి లేదు. అదే మాట చెప్పాను. కుక్కో చెయ్యో, ఒకటి తేల్చుకోమన్నాను.

ఆయన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "మిషను మీంచి ఇంటికెళ్లిన మర్నాడు నాను మంచం దిగనమ్మా. దిగాలనిపించదు. ఆ బూరె గుంటడొచ్చి ఈ సెయ్యి మీద సెవి పెట్టి ఇంటాడు. నాలాగే ఇంటాడు. ఇని, తాడు నోట్తో తెచ్చి నా మీద పడేత్తాడు. కుక్కనొగ్గేత్తే ఈ సెయ్యెందుకు నాకు?"

ఆదివారం అక్కుపల్లి వస్తానన్నాను.

వెళ్లాను. జంతువుతో స్థిరంగా, శాంతంగా ఉండాలని ఆయనకు చెబుతూ, చూపిద్దామని తాడు నేను అందుకున్నాను. నా ఉపన్యాసం పూర్తికాలేదు. ఎండుచేపల మీద కాకి వాలింది. ఆ తరువాత నాకు గుర్తున్నవి మూడే: ఒక చెప్పు, చాలా ఇసుక, చేపల వాసన.

"ఒగ్గీమ్మా! తాడొగ్గీ!" అని ఆడవాళ్ల కేకలు.

"మా సేపలు తొక్కీకే బూరే!" అని ఇంకొకావిడ.

వీటన్నిటి మీదుగా వెనుకనుంచి సరంగు గారి గొంతు, నేను ఎన్ని వారాలు చెప్పానో అన్ని వారాల కక్షనూ తీర్చుకుంటూ: "ఎడం సెయ్యి జాగర్త, డాక్టరమ్మా!"

తరువాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆయనకు ద్రవాలు కొలత ప్రకారమే ఇవ్వాలి. "నాను తాగకూడదు కదా. నువ్వు తాగు, సూత్తాను," అని నా ప్రతి గుటకనూ శ్రద్ధగా చూశారు. అంత ఇబ్బందిగా నేనెప్పుడూ టీ తాగలేదు.

టెక్కలిలో నాకు తెలిసిన పశువైద్యుడిని ఫోనులో అడిగాను. ఆయన చెప్పింది ఒకటే: లాగినప్పుడు కదలకుండా నిలబడండి, తాడు వదులైతేనే అడుగు వెయ్యండి, అదీ రోజూ. సరంగు గారికి అదే చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"లంగరెయ్యమంటావు! ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా!"

మర్నాటి నుంచి అక్కుపల్లిలో కొత్త నాటకం మొదలైంది. కుక్క కుడిపక్క, తాడు కుడిచేతిలో, ఎడమచెయ్యి భార్య తువ్వాలుతో నడుముకు వదులుగా కట్టేసి. తాడు బిగుసుకుంటే "లంగరు!" అని కేకేసి బోటు కట్టే కొయ్యలా నిలబడిపోయేవారు. వదులైతే "ఎత్తు!" అని కదిలేవారు. ఇంటినుంచి సరుగుడు తోట దాకా చిన్న నడకే. మొదట్లో ఎండ నడినెత్తికి వచ్చినా వాకిలి దాటేవారు కాదు.

"మావా, కుక్కని నువ్వు తిప్పుతున్నావా, నిన్నది కావిలి కాత్తందా?" అని వలలు బాగుచేసుకునే కుర్రాళ్లు.

"లంగరేసినోడితో మాటాడకండ్రా, బోటు కదిలిపోతాది."

ఆ లంగరు ఎప్పుడు పడిందో నాకు కచ్చితంగా తెలియదు. చేతి మీద కొత్త చారలు రావడం ఆగింది. ప్రతిసారీ నేను వేలు ఆనించేదాన్ని, అదురు బలంగా తగిలేది. "ఏటమ్మా, ఇంజినెలగుంది?" అని అడిగేవారు. బాగుందంటే, "మా గుంటడు కూడా అదే అన్నాడు," అనేవారు. నా మాటను ఎవరితో సరిచూసుకున్నారో స్పష్టంగా తెలిసేది.

వానల తరువాత గుండె నీరసించింది. మందులు మార్చాం, వేళలు మార్చాం. నడక మాత్రం ఆయన మానలేదు. దూరం తగ్గింది, ఆగే చోట్లు పెరిగాయి. ఇప్పుడు "లంగరు" అనేది కుక్క లాగినందుకు కాదు, తన ఊపిరి కోసం. బూరెకు ఆ తేడా ఎవరూ చెప్పలేదు. ఆయన ఆగితే అదీ ఆగేది. తువ్వాలు విప్పి ఎడమచెయ్యి దాని వైపు దించితే, చెవి పెట్టి వినేదట.

చివరకు ఆగింది గుండె. ఆ చేతికి మాత్రం ఆఖరి రోజు వరకు ఏ లోటూ రాలేదు. ఫోనులో ఆవిడ నాకు అప్పజెప్పింది అదే.

దినాలు అయ్యాక అక్కుపల్లి వెళ్లాను. అల్లుడు బూరెను తిప్పబోయి అరుగు స్తంభాన్ని కౌగిలించుకుని ఉన్నాడు. "ఒగ్గు బాబూ, నీవల్ల కాదు," అని ఆవిడ తాడు అందుకుంది. నేనూ పక్కన నడిచాను. అది ఆవిడను వీధి పొడవునా లాక్కుపోయింది. లంగరు అని ఆవిడ అరిచినా వినలేదు.

సరుగుడు తోట మొదట్లో, ఆయన ఊపిరి కోసం ఆగే చోట, తనంతట తానే నిలబడిపోయింది. తల ఎడమకు తిప్పి, ఒక చెయ్యి వేలాడే ఎత్తులో చెవి పెట్టింది. వినడానికి అక్కడ సముద్రం తప్ప ఏమీ లేదు. తాడు ఇసుక మీద వదులుగా పడి ఉంది.

చాలాసేపు నిలబడ్డాం. మా ఇద్దరిలో ఎవరికీ "ఎత్తు" అనడానికి నోరు రాలేదు.