కన్నమ్మక్క రొయ్యల్ని నేను తూచిన రోజు

ఒక కేజీ రొయ్యలు మనిషి పరువు ఎంత బాగా తియ్యగలవో తెలియాలంటే నన్నడగండి. పోయింది పరువొకటే అయ్యుంటే ఇంత బాధగా చెప్పేవాణ్ణి కాదు.

తడలో కాపురం పెట్టిన కొత్తలో ఒక చిన్న డిజిటల్ కాటా తెప్పించినాను. వంటింట్లో వాడేది, అరచెయ్యంత ఉంటుంది. అది ఇంట్లోకొచ్చినప్పట్నుంచీ లోకంలో నేను తప్ప నిజాయితీపరుడు కనపడలేదు. టమేటాలు తూచినాను, తక్కువ. కందిపప్పు తూచినాను, తక్కువ. దొంగను పట్టిన పోలీసు మాదిరి మీసం దువ్వుకుంటా తిరిగేవాణ్ణి.

మాకు రొయ్యలు తెచ్చేది కన్నమ్మక్క. పులికాట్ సరస్సు ఒడ్డునుంచి గంపెత్తుకోని వారానికి రెండుసార్లు వస్తాది. ఆమెకు ఒక చేతి తక్కెడ, ముద్రేసిన కేజీ రాయి. ఆ ఆదివారం ఆమె తూచి గిన్నెలో పోసిన రొయ్యల్ని వాకిట్లోనే నా కాటా మీద పెట్టినాను. గిన్నె బరువు పోను తొమ్మిదినూర్ల యాభై గ్రాములు!

"అక్కా, యాభై గ్రాములు యాడికి పోయినాయి?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందప్పా, నేను దొంగనా?"

"నేనన్లేదు. మిషను అంటా ఉండాది."

లోపల్నుంచి నా భార్య సుగుణ వచ్చింది. "ఏమయ్యా, ముందు ఆ మిషనుకు పరీక్ష పెట్టు. విప్పని ఉప్పు పాకెట్టుండాది, తూచి సూడు."

కేజీ పాకెట్టు పెట్టినాను. ఎనిమిదినూర్ల ఎనభై.

బుద్ధున్నోడైతే ఆడ ఆగిపోతాడు. నేను ఎగిరి గంతేసినాను. "సూసినావా! ఉప్పోడు ఈమె కన్నా పెద్ద దొంగ!" కేజీ చక్కెర పెడితే అదీ ఎనిమిదినూర్ల ఎనభయ్యే. "ఇద్దరూ కుమ్మక్కు!"

"ఔనౌను," అనింది సుగుణ. "అందరూ మీటింగు పెట్టుకోని, తడలో ఈయన ఇంటికి మాత్రం తగ్గించి పంపాలని తీర్మానం చేసినారు."

గోడ మీద పక్కింటోళ్ళ తలకాయలు లేచినాయి. కన్నమ్మక్క కాటాను తిరగేసింది. బండ మీద జారకుండా ఉంటుందని అడుగున నేను అతికించిన స్పాంజి ముక్క అందరికీ కనపడింది.

"దీని పొట్టకింద పరుపేసిందెవురప్పా? కాళ్ళు నేలకానకుండా పండుకోనుంటే బరువెట్ల చెప్తాది?"

చర్రున పీకి పారేసింది. ఉప్పు పెడితే కేజీ. చక్కెర పెడితే కేజీ. రొయ్యలు పెడితే వెయ్యిన్నీ ఎనభై!

చూడండి నా అనుమానం ఎంత గట్టిదో. అప్పుడూ నోరు ఊరుకోలేదు. "ఎక్కువెట్ల ఉండాది?"

"తూచినాక గుప్పెడు కలుపుతా గదా నాయనా, సుగుణమ్మకు ఇష్టమని. ప్రతిసారీ అంతే."

అని, గిన్నెలో చెయ్యి పెట్టి, అంకెలు చూసుకుంటా ఒక్కో రొయ్యా తీసి గంపలో వేసుకుంది. సరిగ్గా వెయ్యి దగ్గర చెయ్యి దులుపుకుంది. "నీ మిషనుకు సమ్మతమేనా?"

చేతులెత్తి దండం పెట్టినాను. నవ్వేసింది, మజ్జిగ తాగింది, కోపం లేదనింది. గుప్పెడు మాత్రం తిరిగి రాలేదు. ఆ పూట సుగుణ నా కంచంలో రొయ్యల్లేని పులుసు మాత్రమే పోసింది.

కాబట్టి పులికాట్ నీళ్ళ సాక్షిగా ఒట్టేస్తా ఉండాను: జన్మలో ఇంకొకరి తూకాన్ని నేను తూచను. ఆ అవసరం కూడా లేదు. ఇప్పుడు కన్నమ్మక్క గడపలో అడుగు పెడతానే, "యాడప్పా నీ కాటా?" అని తనే అడిగి తెప్పించుకోని, వెయ్యి మీద ఒక్క రొయ్య పడకుండా తూస్తా ఉండాది.