గుండుతో వైవాకి

నాన్న దినాలు అయిన మర్నాడే నాకు డిగ్రీ మొదటి ఏడాది కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. పోకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. నాన్న మేస్త్రీ. మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లోనే, ఛాతీలో నొప్పి అని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఫోన్ వచ్చినప్పుడు ఊళ్లో పనుందని మాత్రం హాస్టల్‌లో చెప్పి వెళ్లాను. అన్నీ ముగించి, గుండుతో బస్సెక్కి అశోక్‌నగర్‌లో హాస్టల్‌కి చేరాను. అప్పటిదాకా కంట్లో చుక్క నీరు లేదు. వస్తుందేమోనని చూశాను కూడా. రాలేదు.

గదిలో నాతోపాటు ఉండే అన్న సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్నాడు. పుస్తకంలోంచి తలెత్తి నా గుండు చూశాడు.

"తిరుపతి పోయొచ్చినవా? చెప్పనే లేదు గదరా. లడ్డు ఏది?"

నాన్న పోయాడని చెబితే అతను లేవాలి, భుజం మీద చెయ్యి వేయాలి, నేను ఏదో ఒక మొహం పెట్టాలి. అంత ఓపిక లేదు. పైగా చెబితే చదివిందంతా కొట్టుకుపోతుందని భయం. వైవా అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.

"అయిపోయింది అన్నా" అన్నాను.

పొద్దున చిక్కడపల్లిలో టిఫిన్ బండి అక్క కూడా అంతే. "దర్శనం మంచిగైందా తమ్మీ?"

"మంచిగైందక్కా."

చట్నీ ఇంకో గరిటె వేసింది. ఇడ్లీ రుచి తెలియలేదు. గుండంటే ఈ ఊరికి ఒక్క తిరుపతే గుర్తొస్తుందా అని మాత్రం ఒళ్లు మండింది. అదీ కాసేపే.

నారాయణగూడలో మా కాలేజీ ల్యాబ్. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నవ్వుమొహం పెద్దాయన. "మొక్కు తీరిందన్నమాట" అని ప్రశ్నలు మొదలుపెట్టారు. గ్రూపులో కిందికి పోతే పరమాణువు సైజు పెరుగుతుందని చెప్పాను. మరి కేంద్రకం బలం కూడా పెరుగుతోంది కదా, బయటి ఎలక్ట్రాన్‌ను దగ్గరికి ఎందుకు లాగదని అడిగారు. కక్ష్యలు పెరుగుతాయి, లోపలి ఎలక్ట్రాన్లు అడ్డం ఉంటాయి, ఆ లాగుడు బయటిదాకా పూర్తిగా చేరదు అన్నాను. సోడియం, క్లోరిన్ మధ్య బంధం కూడా చెప్పాను. ఒకటి ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, ఇంకొకటి తీసుకుంటుంది. నోరు దానంతటదే చెప్పుకుపోతుంటే నేను పక్కన నిలబడి విన్నాను.

ఆయన సంతోషంగా పెన్ను మూత పెట్టి, అందరినీ అడిగేదే నన్నూ అడిగారు. "మంచిగ చదివినవ్. మీ నాన్న ఏం చేస్తడు?"

మేస్త్రీ అంటే చాలు. నోరు తెరిచాను.

ఆయన ఎదురుచూశారు. నా గుండు వైపు మళ్లీ చూశారు. మొహంలో నవ్వు పోయింది.

"ఎప్పుడు పోయిండు బిడ్డా?"

"ఇంకో ప్రశ్న అడుగుండ్రి సార్" అన్నాను. "సోడియం మీదనే అడుగుండ్రి."

ఆయన అడిగారు. ఏం అడిగారో ఇప్పుడు గుర్తు లేదు. కళ్లనీళ్లు ల్యాబ్ బల్ల మీద పడుతుంటే జవాబు మాత్రం చివరిదాకా చెప్పాను.