తాయెత్తు పైకి జరిపిన చెయ్యి

మా హైజీన్ టీచర్ కామెర్లతో పోయారని ప్రేయర్‌లో చెప్పారు. వరుసలో నిలబడి ఏడవకూడదు మా బడిలో. నేను నా మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు పట్టుకున్నానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాది బోధన్ దగ్గర చెరుకు పండించే ఊరు. నిజామాబాద్‌ హాస్టల్లో ఉండి ఇంగ్లిష్ మీడియం చదువుతున్నాను. పోయినేడు ఉన్నట్టుండి గుండె దడ, చేతులు చల్లబడటం మొదలయ్యాయి. మా చిన్నమ్మకూ ఇలాగే మొదలైందట. ఆమెకు గాలి సోకిందని చదువు మాన్పించి, వెనక గదిలో పెట్టి గొళ్లెం వేశారు. ఇప్పటికీ ఆమెకు కిటికీలోంచే అన్నం. సెలవుల్లో నా దడ చూసి అమ్మ దర్గాకు తీసుకెళ్లి చేతికి తాయెత్తు కట్టించింది. "మల్లొస్తే సదువు బంద్" అంది.

టీచర్ పాఠం ఇంగ్లిష్‌లో చెప్పి, చివర్లో తలుపు దగ్గరకు వేసి, అదే మళ్లీ తెలుగులో చెప్పేవారు. బడిలో తెలుగు మాట్లాడితే తప్పు కదా అంటే నవ్వేవారు. "భయపడేది తెలుగులనే గద బిడ్డ. మందు గూడ తెలుగులనే చెప్పాలె."

ఒకరోజు చదవమని లేపితే నాకు నోరు పెగల్లేదు. నిలబడే నిద్రపోయిందని పిల్లలు నవ్వారు. బెల్లు కొట్టాక టీచర్ నన్ను గ్రౌండు చుట్టూ పరుగెత్తించారు. రొప్పుతూ వస్తే నా చెయ్యి పట్టుకున్నారు. తాయెత్తు తీయమనలేదు. కొంచెం పైకి జరిపి, నా వేళ్లే నా నాడి మీద పెట్టారు.

"ఉరికినా గిట్లనే కొట్టుకుంటది, భయపడ్డా గిట్లనే. గుండెకు ఫరక్ తెల్వదు. నీకు తెలిస్తే చాలు."

వేడి బెల్లం పాకాన్ని చల్లార్చినట్టు మెల్లగా ఊదమన్నారు. క్లాసులోకి వచ్చే ముందు తలుపు దగ్గర తానూ అలాగే ఊది వస్తానన్నారు. అక్కడ ఆగితే చేతి రుమాలు సర్దుకుంటున్నారని మేమనుకునేవాళ్లం.

చిన్నమ్మ సంగతి చెప్పి, నాకూ అలాగే అవుతుందా అని అప్పుడు అడిగాను.

"ఆమెకు గీ ముచ్చట చెప్పెటోళ్లు లేకపాయె, బిడ్డ."

టీచర్‌ను మట్టి చేసిన మరునాడు సెలవిస్తే ఊరికి వచ్చాను. అమ్మ పొలానికి పోయాక కిటికీ దగ్గరకు వెళ్లాను. భయమేసింది. అయినా ఊచల్లోంచి చెయ్యి పెట్టి చిన్నమ్మ మణికట్టు పట్టుకున్నాను. నాడి పరుగెడుతోంది. ఊదమని చెప్పాను, ఊది చూపించాను.

ఆమె ఊదలేదు. నా వైపే చూసి, నా మణికట్టు పట్టుకుంది. తాయెత్తు అడ్డమొస్తే, మెల్లగా పైకి జరిపింది.